పాత రంగుల ధూళి – పసిబిడ్డల రక్షణ
భవనముల మరమ్మతులలో పంచాయతీ సభ్యులు గమనింపవలసిన విషయములు

గ్రామములలో వేసవి సెలవుల కాలము మరమ్మతుల కాలము. పాఠశాలకు సున్నము, అంగన్‌వాడీ కేంద్రమునకు కొత్త కిటికీలు, పంచాయతీ కార్యాలయమునకు రంగులు, ఇవన్నియు ఆ రెండు మాసములలోనే జరుగుట పరిపాటి. ఆంధ్రప్రదేశములో 2019 నవంబరు 14న ఆరంభమైన ‘మన బడి నాడు–నేడు’ కార్యక్రమము క్రిందను, తెలంగాణములో 2022 మార్చి 8న ఆరంభమైన ‘మన ఊరు–మన బడి’ కార్యక్రమము క్రిందను పెక్కు పాత బడులు బాగుపడినవి. సంక్రాంతికి ముందు గృహస్థులును తమ తలుపులకు, గడపలకు కొత్త రంగులు వేయింతురు. ఇది మెచ్చదగిన పనియే.

అయితే కొత్త రంగు వేయుటకు ముందు పాత రంగును గీకివేయుదురు. ఉప్పుకాగితముతో రుద్దుదురు. అప్పుడు లేచిన పొడిని చీపురుతో ఊడ్చి గుమ్మము బయట పోయుదురు. ఆ పాత రంగులో సీసము ఉన్నచో ఈ మూడు పనులును బిడ్డలకు హాని కలిగించును. కొద్దిపాటి జాగ్రత్తతో ఆ హానిని నివారింపవచ్చును. అది ఎట్లో పంచాయతీ సభ్యులకు తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

సీసము రంగులోనికి ఎట్లు వచ్చినది?

సీసము మెత్తని, బరువైన లోహము. దాని లవణములు కొన్ని చక్కని వన్నె గలవి. తెల్లని సఫేదా సీసపు కార్బొనేటు. పసుపుపచ్చ, నారింజ వన్నెల రంగులలో సీసపు క్రోమేటు వాడుచు వచ్చిరి. ఇనుప ఊచలకు త్రుప్పు పట్టకుండ మొదటి పూతగా వేయు ‘రెడ్ లెడ్’ సీసభస్మమే. ఇవిగాక, నూనె రంగులు త్వరగా ఆరుటకు కలుపు ద్రవములలోను సీసము ఉండెడిది. రంగు గట్టిగా పట్టుట, ఎండవానలకు ఓర్చుట, వన్నె తగ్గకుండుట అను గుణములను చూచి ప్రపంచమంతట వీనిని వాడిరి.

దీని చెడుగు తెలిసిన దేశములు క్రమముగా కట్టుబాట్లు చేసినవి. భవనముల లోపలి భాగములకు సఫేదా రంగును నిషేధించుటకై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లో ఒక ఒడంబడికను ఆమోదించినది. అమెరికా సంయుక్త రాష్ట్రములు ఇండ్లలో సీసపు రంగును 1978లో నిషేధించినవి. మన దేశములో గృహములకు, అలంకరణకు వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించరాదని కేంద్ర ప్రభుత్వము 2016లో నియమములను ప్రకటించినది. అవి 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినవి. అనగా కిలో రంగులో 90 మిల్లీగ్రాములకు మించి సీసము ఉండరాదు.

ఈ నియమము కొత్త డబ్బాను కట్టుబరచునే గాని గోడపై నున్న పాత పూతను మార్చలేదు. 2017కు ముందు వేసిన నూనె రంగులు మన బడుల తలుపుల మీద, కిటికీల మీద, ఇనుప గేట్ల మీద ఒకదానిపై నొకటి పొరలుగా నిలిచియున్నవి. పైపొర కొత్తదైనను, గీకినప్పుడు అడుగుపొర కూడ పొడియై వచ్చును.

బిడ్డలకు ఏల ఎక్కువ హాని?

ఈ సంగతి మొదట తెలిసిన కథ మన వాతావరణమును పోలిన చోటనే జరిగినది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 1890 దశకమున వైద్యులు పసిబిడ్డలలో సీసవిష లక్షణములను కనుగొనిరి. ఆ విషము ఎచ్చటినుండి వచ్చుచున్నదో వారికి అంతుచిక్కలేదు. బ్రిస్బేన్ నగరమున నేత్రవైద్యుడైన జాన్ లాక్‌హార్ట్ గిబ్సన్ 1904లో దానిని చూపించెను. అచ్చటి ఇండ్లకు కొయ్య వసారాలు గలవు. వాని కమ్మీలకు సీసపు రంగు వేసెడివారు. తీవ్రమైన ఎండకు ఆ రంగు పిండియగును. కమ్మీలు పట్టుకొని ఆడుకొను బిడ్డల చేతులకు ఆ పిండి అంటి, వ్రేళ్ళ ద్వారా నోటిలోనికి పోవుచున్నదని ఆయన వివరించెను. 1922లో ఆ రాష్ట్రము బిడ్డలకు అందుబాటులోనుండు చోట్ల సీసపు రంగును చట్టముచే కట్టుబరచినది.

బిడ్డ నేలపై ప్రాకును. దొరికినదానిని నోట పెట్టుకొనును. పెద్దవారి కడుపులో పడిన సీసములో రక్తమున చేరు పాలు కొంచెము. పసిబిడ్డ శరీరము దానికి నాలుగైదు రెట్లు ఎక్కువ పాలు పీల్చుకొనును. ఇనుము, సున్నపు ధాతువు తక్కువైన బిడ్డ ఇంకను ఎక్కువగా పీల్చుకొనును. రక్తహీనత గల బిడ్డలు గల మన గ్రామములకు ఇది ముఖ్యముగా గమనింపదగిన విషయము.

రక్తములోనికి చేరిన సీసము మెదడును బాధించును. బిడ్డ చదువులో వెనుకబడును. మనస్సు నిలువదు. కోపము, చిరాకు హెచ్చును. కడుపునొప్పి, మలబద్ధము, రక్తహీనత కలుగవచ్చును. చాల ఎక్కువైనచో మూర్ఛ, స్మారకము తప్పుట, మరణము కూడ సంభవింపవచ్చును. ఎముకలలో చేరిన సీసము ఏండ్ల తరబడి అందే నిలిచియుండును. గర్భవతి ఎముకలనుండి అది కదలి గర్భస్థ శిశువును చేరును. శరీరమునకు హాని చేయని సీసపు పరిమాణమేదియు తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పలుకుచున్నది. మెదడునకు కలిగిన నష్టము పూర్తిగా తిరిగిరాదు. కావున చికిత్సకన్న నివారణయే మేలు.

ఒక చిన్న లెక్క

‘ఒక్క తలుపు గీకినంత మాత్రమున ఏమగును?’ అని అడుగువారు ఈ లెక్కను చూడవలెను. ఒక చదరపు సెంటీమీటరునకు ఒక మిల్లీగ్రాము సీసము ఉన్నచో దానిని సీసపు రంగుగా అమెరికా చట్టము పరిగణించును. ఒక చదరపు అడుగులో 929 చదరపు సెంటీమీటరులు గలవు. అనగా అడుగు పొడవు, అడుగు వెడల్పు గల తలుపు ముక్కపై 929 మిల్లీగ్రాముల సీసము ఉన్నదన్నమాట.

ఆ ముక్కను రుద్ది పొడిచేసి, ఆ పొడి పదియడుగుల పొడవు, పదియడుగుల వెడల్పు గల గదిలో సమముగా పరచుకొన్నదనుకొందము. చదరపు అడుగు నేలకు సుమారు 9,290 మైక్రోగ్రాముల సీసము పడును. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షవ వంతు. పని ముగిసిన పిదప నేలపై చదరపు అడుగునకు 5 మైక్రోగ్రాములు మిగిలినను మరల శుభ్రపరుపవలెనని అమెరికా పర్యావరణ సంస్థ 2024 అక్టోబరులో నిర్ణయించినది. మన లెక్కలోని గది దానికి పదునెనిమిది వందల రెట్లకు పైగా మలినమైనది. చీపురు ఊడ్పు తరువాత కంటికి శుభ్రముగా కనిపించు గదిలో కూడ హానికరమైన ధూళి ఏల మిగులునో దీనివలన తెలియగలదు.

ఎచ్చట అనుమానింపవలెను?

ప్రతి గోడను చూచి భయపడ నక్కరలేదు. సున్నపు వెల్లలో సీసము ఉండదు. జాజుపూత, పేడతో అలికిన మట్టి నేల ఈ విషయమున నిరపాయములు. అనుమానింపవలసినవి నూనె రంగులు, ఎనామెల్ రంగులు. ద్వారబంధములు, తలుపులు, కిటికీల ఊచలు, ఇనుప గేట్లు, మెట్ల కమ్మీలు, పాత బీరువాలు, బల్లలు, ఆటస్థలములోని ఊయల స్తంభములు మొదలైనవి ముందుగా చూడదగినవి.

మన ఇండ్లలో గడపను ప్రత్యేకముగా పేర్కొనవలెను. పసుపు కుంకుమలు పెట్టు గడపకు ఇటీవలి తరములలో పసుపుపచ్చ ఎనామెల్ పూసి, దానిపై ఎర్రరంగుతో ముగ్గు వేయుట వాడుకయైనది. ఏటేట పూతపై పూత పడును. అడుగుపొరలు పాతవైనచో వానిలో సీసపు క్రోమేటు ఉండుటకు అవకాశము గలదు. ప్రాకు బిడ్డ మొదట దాటునది ఆ గడపనే.

ఇనుపపని విషయమున ఇంకొక చిక్కు గలదు. ‘రెడ్ ఆక్సైడ్’ అను పూత ఇనుప భస్మముతో చేసినది. ‘రెడ్ లెడ్’ సీసముతో చేసినది. రెండును ఎరుపే. కంటితో చూచి నిర్ణయింప రాదు. రంగు పెచ్చును అన్ని పొరలతో కూడ కోసి, గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపినచో సీసము ఎంత గలదో తెలియును. పరీక్ష చేయించుటకు వీలులేనిచో, 2017కు ముందటి నూనె రంగులో సీసము కలదనియే భావించి పని చేయించుట క్షేమము.

ఇంకొక ముఖ్య విషయము. గట్టిగా అంటియున్న పూత హాని చేయదు. పెచ్చులూడుచున్న పూత, ఒరసికొను తలుపు, జారు కిటికీ రెక్క, వీనివలననే ధూళి పుట్టును. పూత చెడనిచోట దానిని గీకక, సబ్బునీటి గుడ్డతో తుడిచి, ఆరిన పిదప కొత్త రంగు వేయుటయే ఉత్తమము. అనవసరముగా గీకుట ఖర్చును, హానియు.

పని మొదలిడుటకు ముందు

1. పని జరుగు గదిలోనికి బిడ్డలు, గర్భిణులు రాకుండ చేయవలెను. అంగన్‌వాడీ కేంద్రమైనచో పని ముగిసి శుభ్రపరచువరకు కేంద్రమును వేరొక చోట నడుపవలెను.

2. బల్లలు, పుస్తకములు, వంటపాత్రలు, బియ్యపు బస్తాలు, నీటి కుండలు బయటికి తరలింపవలెను. కదల్పరాని వానిని మందమైన ప్లాస్టిక్ పట్టాతో కప్పి అంచులు అంటింపవలెను.

3. పని చేయు గోడ చుట్టు ఆరడుగుల మేర నేలపై పట్టా పరువవలెను. బయటి గోడయైనచో పది అడుగుల మేర పరువవలెను. బావి, చేతిపంపు, నీటితొట్టి సమీపమున నున్నచో వానిని కప్పవలెను.

4. పంకాలు ఆపవలెను. ద్వారమునకు పట్టాను తెరవలె వ్రేలాడదీయవలెను. గాలి గట్టిగా వీచు దినమున బయటిపని ఆపుట మంచిది.

చేయరాని పనులు

పొడి రంగును పొడిగానే గీకరాదు. మొదట నీటిని తుంపరగా చల్లి, తడిసిన పిమ్మట గీకవలెను. విద్యుత్ తీగలు, స్విచ్చిబోర్డులు గలచోట నీరు చల్లరాదు. మంటదీపముతో రంగును కాల్చరాదు. వేడిగాలి యంత్రమును కూడ 590 డిగ్రీల సెంటీగ్రేడుకు మించిన వేడితో వాడరాదు. అట్టి వేడికి సీసము పొగయై గాలిలో కలియును. ధూళిని లోనికి పీల్చుకొను ఏర్పాటు లేని కరెంటు రుద్దుడు యంత్రమును వాడరాదు. అది కొద్ది నిమిషములలో గదిని మేఘమువలె ధూళితో నింపును. పొడి చీపురు పట్టరాదు. గాలి గొట్టముతో ఊదరాదు.

ధూళి పీల్చు యంత్రము – ఏది పనికివచ్చును?

పట్టణములలో వాడు వ్యాక్యూమ్ క్లీనరు పల్లెలకును వచ్చినది. పెళ్ళి మండపములలో, వసతి గృహములలో దానిని చూచుచున్నాము. ‘చీపురు వలదన్నచో ఆ యంత్రమును తెచ్చి ఊడ్పింతము’ అని సభ్యులు తలపవచ్చును. ఇక్కడనే పొరపాటు జరుగు అవకాశము గలదు. సాధారణ యంత్రము గాలితోపాటు ధూళిని పీల్చి, సంచిలో వడగట్టి, గాలిని వెనుకనుండి బయటికి వదలును. ఆ సంచి మట్టిని, వెండ్రుకలను ఆపును గాని మిక్కిలి సన్నని సీసపు ధూళిని ఆపలేదు. నేలపై నున్న ధూళి యంత్రము వెనుకనుండి వెలువడి గది అంతయు నిండును. మరల గంటల తరబడి మెల్లగా బల్లల మీద, కిటికీల మీద దిగును. కావున ఈ పనికి సాధారణ యంత్రము చీపురుకన్న మేలు కాదు.

ఈ పనికి తగినది ‘హెపా’ వడపోత గల యంత్రము. ఈ వడపోత రెండవ ప్రపంచ యుద్ధకాలమున అణుశక్తి పరిశోధనలో గాలినుండి రేడియో ధార్మిక ధూళిని తొలగించుటకై రూపొందినది. 0.3 మైక్రోను పరిమాణము గల రేణువులలో నూటికి 99.97 పాళ్ళు ఇది ఆపవలెనని ప్రమాణము. మనుష్యుని తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రోనులని తలచినచో ఆ రేణువుల సూక్ష్మత తెలియగలదు.

ఈ వడపోత జల్లెడవంటిది కాదు. సన్నని పోగులు చిక్కుగా అల్లిన మందపు కాగితమువంటిది. పెద్ద రేణువులు గాలితో మలుపు తిరుగలేక పోగులకు కొట్టుకొని నిలిచిపోవును. నడిమి రేణువులు పోగుల ప్రక్కగా పోవుచు అంటుకొనును. మిక్కిలి చిన్నవి గాలి అణువుల తాకిడికి అటునిటు చలించి పోగులపై పడును. ఈ మూడు విధములకును తప్పించుకొనుటకు ఎక్కువ వీలున్నది 0.3 మైక్రోను రేణువునకే. దానిని ఆపగలిగినచో దానికన్న పెద్దవియు చిన్నవియు ఇంకను బాగుగా ఆగును. అందుచేతనే పరీక్షకు ఆ కొలతను ఎన్నుకొనిరి.

కొనునప్పుడు పెట్టెపై ‘హెపా’ అను మాట చూచి తృప్తిపడరాదు. సాధారణ యంత్రములో హెపా వడపోతను అమర్చినంత మాత్రమున అది ఈ పనికి తగినది కాజాలదు. మూత అంచులనుండి, అతుకులనుండి గాలి తప్పించుకొనినచో వడపోత ఉండియు వ్యర్థమే. పీల్చిన గాలి యావత్తు చివరగా హెపా వడపోత గుండనే బయటికి పోవు విధముగ, నడుమ ఎక్కడను కారకుండ నిర్మింపబడిన యంత్రమునే ఎన్నుకొనవలెను. విక్రేతను ఈ ప్రశ్న వ్రాతమూలముగ అడిగి జవాబు తీసికొనుట మంచిది. బీటలలో పెట్టుటకు సన్నని మూతి, గోడలకు కుచ్చు మూతి కూడ తీసికొనవలెను.

శుభ్రపరచు క్రమము

గీకుడు ముగిసిన పిదప ఒక గంట ఆగి, గాలిలోని ధూళిని దిగనీయవలెను. తరువాత పెద్ద పెచ్చులను తడిపి, ఏరి సంచిలో వేయవలెను. నేలపై పట్టాపై నీరు తుంపరగా చల్లి, అంచులు లోపలికి మడిచి, మురికివైపు లోపలనుండునట్లు చుట్టి కట్టవలెను. పిమ్మట శుభ్రపరచు పని మూడు విడతలుగ జరుగును.

మొదటి విడత యంత్రముది. పైకప్పు సమీపమునుండి క్రిందికి, గదిలో దూరపు మూలనుండి ద్వారము వైపునకు రావలెను. మూతిని తొందరగా లాగక, మెల్లగా నడుపవలెను. కిటికీ దిమ్మలు, రెక్క జారు గాడులు, నాపరాళ్ళ అతుకులు, గడప బీటలు, వీనిలోనే ధూళి దాగియుండును. యంత్రముయొక్క గొప్ప ప్రయోజనము ఇక్కడనే. గుడ్డ చొరని చోట సన్నని మూతి చొరగలదు.

రెండవ విడత తడిగుడ్డది. రెండు బకెట్లు కావలెను. ఒకదానిలో సబ్బునీరు, రెండవదానిలో మంచినీరు. గుడ్డను సబ్బునీటిలో ముంచి తుడిచి, మంచినీటి బకెట్టులో జాడించి పిండి, మరల సబ్బునీటిలో ముంచవలెను. ఒకే బకెట్టు వాడినచో మురికిని ఒకచోటినుండి ఇంకొక చోటికి పూసినట్లగును. జాడించు నీటిని తరచుగా మార్చవలెను. ప్రతి గదికిని కొత్త గుడ్డ వాడవలెను.

మూడవ విడత, తడి బాగుగ ఆరిన తరువాత, మరల యంత్రముది. తుడుపుతో బీటలనుండి పైకి వచ్చి ఆరిన ధూళిని ఇది తీయును.

యంత్రపు సంచిని ఇష్టము వచ్చినచోట ఖాళీ చేయరాదు. పట్టా పరచి, మాస్కు తొడిగి, సంచిని మెల్లగా తీసి రెండవ సంచిలో పెట్టి కట్టవలెను. హెపా వడపోతను తట్టి దులుపరాదు. నిండినప్పుడు మార్చవలెను. యంత్రమును వేరొక చోటికి తరలించునప్పుడు పైభాగమును తడిగుడ్డతో తుడిచి, గొట్టపు మూతిని అంటుపట్టీతో మూయవలెను. లేనిచో ఒక బడి ధూళి ఇంకొక బడికి చేరును. నీటిని పీల్చుటకు చేయని యంత్రముతో తడినేలను పీల్పించుట విద్యుత్ ప్రమాదమునకు దారి.

యంత్రము లేనిచోట

ప్రతి పంచాయతీయు ఇట్టి యంత్రమును కొనగలదని చెప్పలేము. లేదని నిరాశ చెంద నక్కరలేదు, చీపురు పట్టనక్కరయు లేదు. తడిపి గీకుట, పట్టాలు పరచుట, రెండు బకెట్ల తుడుపు, ఇవి యంత్రము లేకయే ధూళిని చాలవరకు తగ్గించును. నున్నని సిమెంటు నేలను, గచ్చును రెండు మూడు పర్యాయములు తడిగుడ్డతో తుడువవచ్చును. బీటలు గల నేలకు మాత్రము తుడుపు చాలదు. అట్టి చోట ముందుగా బీటలను సిమెంటుతో పూడ్పించుట మేలు. ఒక మండలములోని పంచాయతీలు కలిసి ఒక్క యంత్రమును కొని, వంతులవారీగ వాడుకొనుట ఆలోచింపదగినది. వరికోత యంత్రమును, పురుగుమందు చల్లు యంత్రమును అద్దెకు తెచ్చుకొను రైతులకు ఈ పద్ధతి కొత్త కాదు.

పనివారి రక్షణ

మొదట విషము సోకునది రంగుపని చేయువారికే. ముఖమునకు చుట్టిన తువాలు సన్నని ధూళిని ఆపదు. ఎన్–100 లేక పి–100 గుర్తు గల మాస్కు శ్రేష్ఠము. అది దొరకనిచో ఎన్–95 మాస్కును ముఖమునకు ఖాళీ లేకుండ తొడుగవలెను. పనిచోట అన్నము తినుట, బీడీ కాల్చుట, తాంబూలము వేసికొనుట కూడదు. చేతి ధూళి ఈ దారినే కడుపులోనికి పోవును. పని ముగించి చేతులు, ముఖము సబ్బుతో కడుగుకొని, బట్టలు మార్చుకొని ఇంటికి పోవలెను. పని బట్టలను బిడ్డల బట్టలతో కలిపి ఉతుకరాదు. తండ్రి భుజముపై నెక్కు బిడ్డకు ఆయన చొక్కా ధూళియే విషమగుటకు అవకాశము గలదు.

వ్యర్థములు

రంగు పెచ్చులు, వాడిన పట్టాలు, గుడ్డలు, యంత్రపు సంచులు రెండు మందమైన ప్లాస్టిక్ సంచులలో ఒకదానిలో ఒకటిగ పెట్టి గట్టిగా కట్టవలెను. వీనిని కాల్చరాదు, సీసము బూడిదలోను పొగలోను మిగులును. చెరువులో, కాలువలో, పెంటకుప్పలో వేయరాదు. పెంట ఎరువై పొలమునకును పెరటి ఆకుకూరలకును పోవును. మూటలను బిడ్డలకు, పశువులకు అందని చోట తాళము వేసి ఉంచి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అధికారులను అడిగి, వారు చూపిన చోటికి పంపవలెను. పాత తలుపులను వంటచెరకుగ వాడరాదు. రంగు అంటిన కొయ్యను పొయ్యిలో పెట్టుట పొగను వంటింటికి పిలుచుటయే.

శుభ్రమైనదని తెలిసికొనుట ఎట్లు?

తుడుపు పూర్తియైన పిదప తెల్లని తడిగుడ్డతో నేలను, కిటికీ దిమ్మలను రుద్ది చూడవలెను. గుడ్డపై బూడిదవన్నె పడినచో ఆ భాగమును మరల శుభ్రపరుపవలెను. ఇట్టి తెల్లగుడ్డ పరీక్షను అమెరికాలో 2010 నుండి అమలైన మరమ్మతుల నియమములలో చేర్చిరి. ఇది ధూళి మిగిలినదో లేదో చూపునే గాని సీసము ఎంతయో చెప్పదు. అంగన్‌వాడీ వంటి చోట, వీలైనచో, కొలిచిన స్థలమును తుడిచిన గుడ్డను ప్రయోగశాలకు పంపి పరీక్షింపించుట ఉత్తమము.

పని జరిగిన ఇంటిలోని బిడ్డ విషయమున అనుమానమున్నచో వైద్యునితో చెప్పి రక్తములో సీసపు పరీక్ష చేయింపవలెను. డెసిలీటరు రక్తములో 5 మైక్రోగ్రాములు లేక అంతకు మించినచో విషము వచ్చు చోటును వెదకి తొలగింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సలహా యిచ్చినది. రాగి జావ, పాలు, ఆకుకూరలు, పప్పుదినుసులు బిడ్డ ఒడలు సీసమును పీల్చుకొనుటను తగ్గించుటకు తోడ్పడును. అవి మందులు కావు, రక్షణకు తోడు మాత్రమే.

పంచాయతీ చేయదగిన తీర్మానము

రాజ్యాంగమునకు చేసిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ఆరోగ్యము, పారిశుద్ధ్యము, ప్రాథమిక విద్య, స్త్రీ శిశు సంక్షేమము కలవు. ఈ నాలుగును కలియు చోటు పాత రంగు గీకుడే. కావున మరమ్మతుల అంచనాలు ఆమోదించునప్పుడే ఈ క్రింది విషయములను తీర్మానమున చేర్చుట సముచితము.

1. పెచ్చులూడని పాత పూతను గీకకుండ, తుడిచి దానిపైననే రంగు వేయవలెను. గీకవలసినచోట తడిపియే గీకవలెను.

2. కొత్త రంగు డబ్బాపై సీసము 90 పాళ్ళకు మించలేదను ప్రకటన ఉన్నదో లేదో చూచియే కొనవలెను. పరిశ్రమలకై తయారైన రంగును బడికి, ఆటవస్తువులకు వాడరాదు.

3. పట్టాలు, మాస్కులు, బకెట్లు, సబ్బు, యంత్రపు అద్దె, వీని ఖర్చును అంచనాలో వేరుగా చూపవలెను. వేరుగా చూపని ఖర్చును గుత్తదారు మొట్టమొదట తగ్గించును.

4. బడి తెరచుటకు కనీసము వారము దినములు ముందుగా గీకుడు, శుభ్రపరచుట ముగియవలెను. తెల్లగుడ్డ పరీక్షను ఇద్దరు సభ్యులు, ప్రధానోపాధ్యాయులు చూచి సంతకము చేసినపిదపనే బిల్లు చెల్లింపవలెను.

5. మరమ్మతులైన గదిని బిడ్డలచే ఊడ్పింపరాదు.

ఈ అయిదవ విషయమును సభ్యులు ప్రత్యేకముగ మనస్సున ఉంచుకొనవలెను. జూను మాసమున బడి తెరచిన దినమున తరగతిగదిని ఊడ్చుటకు బిడ్డల చేతికి చీపురు ఇచ్చు అలవాటు కొన్ని చోట్ల నేటికిని కలదు. వేసవియంతయు గీకిన రంగు ధూళి ఆ ఒక్క పూటలో వారి ఊపిరిలోనికి, చేతులలోనికి చేరును. బడికి కొత్త రంగు వేయించినది బిడ్డల మేలుకొరకే. ఆ దినమునకు ముందే పెద్దలు తడిగుడ్డతో గదిని తుడిపించి, ఆ తుడిచిన గుడ్డ తెల్లగనే మిగిలినదని తమ కన్నులతో చూచిన తరువాత తలుపు తాళము తీయుదురుగాక.